ఒక్కొక్కరిది ఒక్కో తీరు: స్త్రీ బాహ్య జననాంగం గురించి

దృశ్యం: ఒడిశాలోని రాయగడలో ఒక ఇంటి వరండా. చాప మీద జాకెట్టు ముక్కలతో కుట్టిన ఐదు గుడ్డ నమూనాలు. నాలుగు వెలిసిపోయినవి, ఒకటి కొత్తది. పక్కన ఒక స్కేలు.

వ్యాఖ్యానం: నమస్కారం. ఈ వీడియో 18 ఏళ్లు దాటిన స్త్రీల కోసం.

గుణుపురంలో ఒకసారి ఆరోగ్య సమావేశం ముగిసి అందరూ లేచి వెళ్లిపోయాక, 26 ఏళ్ల ఒకామె చాపలు చుట్టడంలో నాకు సాయం చేస్తూ దగ్గరకు వచ్చి, "అక్కా, నాకు కింద ఒకవైపు పెదవి బయటకు వేలాడినట్టు ఉంటుంది, అదేమైనా జబ్బా?" అని గొంతు తగ్గించి అడిగింది. ఆ ఒక్క భయంతో ఆమె వచ్చిన పెళ్లి సంబంధాలన్నిటినీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చిందట. నేను రెండే ప్రశ్నలు అడిగాను. మొదటి నుంచీ ఇలాగే ఉందా, ఈ మధ్యనే ఇలా మారిందా అన్నది ఒకటి. నొప్పి గానీ దురద గానీ ఉన్నాయా అన్నది రెండోది. తనకు తెలిసి ఎప్పుడూ ఇంతేననీ, బాధ ఏమీ లేదనీ చెప్పింది. అటువంటప్పుడు అది జబ్బు కాదు, ఆమె శరీరం తీరు అంతే.

దృశ్యం: ఒక నమూనాను చేతిలోకి తీసుకుని, వేలితో ఒక్కొక్క భాగం చూపడం.

వ్యాఖ్యానం: మన ఇళ్లలో ఈ భాగం మొత్తానికీ "కింద" అన్న ఒక్క మాటే ఉంది. యోని అంటే గర్భాశయం నుంచి బయటకు వచ్చే లోపలి దారి. బయటకు కనిపించేదంతా బాహ్య జననాంగం; పాఠ్యపుస్తకాలు దాన్ని భగం అంటాయి. ఇవి వెంట్రుకలుండే బయటి పెదవులు. వాటి మధ్య ఉన్నవి వెంట్రుకలు లేని, పలుచని లోపలి పెదవులు. అవి పైన కలిసే చోట చర్మపు మడత కింద, తాకితే సుఖం కలిగించే చిన్న అవయవం క్లిటోరిస్ ఉంటుంది. దాని దిగువన మూత్రద్వారం, ఇంకా దిగువన యోని ద్వారం ఉంటాయి. మూత్రం, నెలసరి రక్తం ఒకే ద్వారం నుంచి వస్తాయని అనుకునే తల్లులను నేను ఎందరినో చూశాను. అది వారి తప్పు కాదు, వారికి చెప్పినవారు లేరు.

దృశ్యం: స్కేలు దగ్గరగా. 2 సెంటీమీటర్ల గీత మీద, తరువాత 10 సెంటీమీటర్ల గీత మీద వేలు.

వ్యాఖ్యానం: 2005లో లండన్ వైద్యులు 50 మంది స్త్రీలను పరీక్షించి కొలతలు ప్రచురించారు. వారిలో లోపలి పెదవుల పొడవు ఒకరికి 2 సెంటీమీటర్లుంటే మరొకరికి 10 ఉంది. వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల దాకా ఉంది. వీరెవరికీ ఈ భాగంలో జబ్బేమీ లేదు. 2018లో స్విట్జర్లాండులోని లూసెర్న్ వైద్యులు 657 మందిని కొలిచినప్పుడు కూడా ఇంతే విస్తారమైన తేడా కనిపించింది. సగటు లెక్క కట్టవచ్చు గాని, "ఇంత ఉంటేనే సరైనది" అని చెప్పగలిగే కొలత ఎవరికీ దొరకలేదు. లోపలి పెదవులు బయటి పెదవులను దాటి కనిపించడం, ఒకవైపు పొడవుగానూ మరొకవైపు పొట్టిగానూ ఉండడం, అంచులు ముడతలు పడి ఉండడం ఎందరిలోనో ఉన్నదే. గుణుపురం చెల్లెలు ఈ నమూనాలన్నీ తిరగేసి, ఒకటి ఒళ్లో పెట్టుకుని, "ఇది అచ్చం నాలాగే ఉంది, మా వదినకు చూపించి తెస్తాను" అని పట్టుకెళ్లింది. ఈ కొత్తది దాని స్థానంలో కుట్టినదే.

రంగు గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే దిగులు ఎక్కువగా దీని గురించే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఈ భాగంలో హార్మోన్ల ప్రభావం వల్ల ఎక్కువగా చేరుతుంది. అందువల్ల ముఖం చామనఛాయగా ఉన్నవారికి కూడా ఇక్కడ ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండవచ్చు. గర్భం దాల్చినప్పుడు ఇంకా నల్లబడుతుంది. ముట్లుడిగిన తరువాత పెదవులు పలచబడి, చిన్నవవుతాయి. ఈ నలుపు మురికి కాదు, రుద్దితే పోయేదీ కాదు. 2012లో మన దేశపు టీవీలలో ఈ భాగాన్ని తెల్లబరుస్తామని ఒక వాష్ ప్రకటన వచ్చినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. తెల్లబడడానికని దుకాణాల్లో అమ్మే కొన్ని క్రీములలో స్టెరాయిడ్ ఉంటుంది. అది పలుచని చర్మాన్ని ఇంకా పలచబరిచి, మంటను, ఇన్ఫెక్షన్లను తెచ్చిపెడుతుంది. నిమ్మరసం, వంటసోడా రాసుకుని పుండ్లతో వచ్చినవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. యోని లోపల లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా, ఆమ్లత ఎంతో చెప్పే కొలత అయిన పి.హెచ్.‌ను 3.8 నుంచి 4.5 మధ్య ఆమ్లంగా ఉంచి దాన్ని కాపాడుతుంది. సబ్బు, యాంటిసెప్టిక్ లోపలికి పోనిస్తే ఆ రక్షణ దెబ్బతింటుంది.

పెదవులను కోసి చిన్నవి చేసే ఆపరేషన్ల ప్రకటనలు ఇప్పుడు ఫోన్లలో కూడా వస్తున్నాయి. అందం కోసం చేసే ఇటువంటి ఆపరేషన్లకు వైద్యపరమైన అవసరం లేదనీ, అవి సురక్షితమనడానికి తగిన ఆధారాలు లేవనీ అమెరికా స్త్రీవైద్య నిపుణుల సంఘం 2007లోనే చెప్పింది. మచ్చలు, స్పర్శలో మార్పు, కలయికలో నొప్పి మిగిలే ప్రమాదం ఉంది. నడిచినప్పుడో సైకిలు తొక్కినప్పుడో నిజంగా ఒరుసుకుని బాధ కలుగుతుంటే అది వేరే సంగతి, స్త్రీవైద్యురాలితో మాట్లాడండి.

దృశ్యం: చిన్న చేతి అద్దం.

వ్యాఖ్యానం: తలుపు వేసుకుని, వెలుతురులో, అద్దంతో ఒకసారి చూసుకోండి. మీది ఎలా ఉంటుందో మీకు తెలిస్తేనే మార్పు వచ్చినప్పుడు పోల్చుకోగలరు. కొత్తగా గడ్డ, మానని పుండు, దురదతో పాటు తెల్లని మచ్చ, పెరుగు తోడులాంటి లేదా దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, ముట్లుడిగిన తరువాత రక్తం కనిపిస్తే వాయిదా వేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. తీరు గురించిన సిగ్గు వల్ల ఇలాంటి జబ్బులను దాచుకున్నవారిని చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది.

పర్లాకిమిడిలోగాని రాయగడలోగాని, ఒడియా డాక్టరమ్మకు "తెల్లబట్ట" అంటే అర్థం కాకపోవచ్చు. అందుకని తెలుగు డాక్టరు కోసం ఆంధ్రలోని పాతపట్నమో పార్వతీపురమో వెళ్లేదాకా ఆగవద్దు. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఏమి మారిందో మీకు తెలిసిన ఆశా దీదీకి ముందే చెప్పి, ఆమెను తోడు తీసుకెళ్లండి. డాక్టరు మగవారైతే, పరీక్ష సమయంలో పక్కన ఒక స్త్రీ ఉండాలని కోరే హక్కును జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రం మీకు ఇచ్చింది. బల్ల మీద పడుకోక ముందే ఆ మాట అడగండి.