నీలిమందు జట్టు గెలిచిన ఏడు

శ్రోతలందరికీ నమస్కారం.

తెల్లబట్టలకి నీలిమందు పెట్టడం మీలో ఎంతమందికి గుర్తుందో తెలీదు కానీ, మా ఇంట్లో ఆదివారం పొద్దున అదో పెద్ద కార్యక్రమం. పలచటి గుడ్డలో చిటికెడు నీలిమందు మూటకట్టి, బకెట్టు నీళ్లలో రెండుసార్లు తిప్పి తీసేయాలి, మూడోసారి తిప్పామంటే నాన్నగారి పంచె మీద నీలం మరకలూ మన వీపు మీద ఎర్ర మరకలూ తేలతాయి. అది రాబిన్ బ్లూ. రెకిట్ అనే ఇంగ్లీషు కంపెనీ సరుకు. అదే కంపెనీ నీలిమందు ఆస్ట్రేలియాలో కూడా ఇంటింటా ఉండేది, అక్కడ చిన్న గుడ్డసంచిలో పెట్టి అమ్మేవాళ్లు, దాన్ని బ్లూబ్యాగ్ అనేవాళ్లు. సిడ్నీలో న్యూటౌన్ అనే పేట ఉంది, ఆ పేట రగ్బీ జట్టు వేసుకునే జెర్సీ సరిగ్గా ఆ రంగు. ఇంకేముంది, జనం ఆ జట్టుకి 'బ్లూబ్యాగ్స్' అని పేరు పెట్టేశారు. అంటే మన లెక్కలో నీలిమందు మూటలన్నమాట. ఈ మూటలు 1943లో, ప్రపంచమంతా తగలబడుతుంటే, ఒక కప్పు గెలిచాయి. ఆ సీజన్ కథే ఇవాళ.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇది రగ్బీ లీగ్. జట్టుకి పదముగ్గురు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని అవతలివాళ్ల గీత దాటించాలి, వాళ్లేమో నడుం పట్టి, కాళ్లు పట్టి కింద పడేయాలి. చెడుగుడు తెలిసినవాళ్లకి పట్టు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఇందులో కూత ఉండదు, బంతి ఉంటుంది, అంతే. మామూలు రగ్బీ నుంచి ఇది ఎందుకు విడిపోయిందంటే డబ్బు గురించి. 1895లో ఇంగ్లండులో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు, ఆట కోసం పని మానేస్తే పోయే కూలి ఎవరిస్తారని అడిగారు, పెద్దమనుషులు ఇవ్వమన్నారు, వీళ్లు వేరుకుంపటి పెట్టుకున్నారు. సిడ్నీలో ఆ కుంపటి 1908లో రాజుకుంది, అక్కడా దెబ్బలు తగిలి పనికి పోలేని ఆటగాడికి దిక్కెవరు అన్న గొడవే. కాబట్టి ఇది మొదట్నించీ కూలీనాలీ చేసుకునేవాళ్ల ఆట, రేవుల్లోనూ రైల్వే వర్క్‌షాపుల్లోనూ ఇటుకబట్టీల దగ్గరా పెరిగిన ఆట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

యుద్ధం వస్తే ఆట ఆపాలా వద్దా? ఈ ప్రశ్న సిడ్నీకి 1943లో కొత్త కాదు. మొదటి యుద్ధంలో, 1915లో, మామూలు రగ్బీవాళ్లు పోటీలు ఆపేసి కుర్రాళ్లని సైన్యంలో చేరమన్నారు. లీగ్ వాళ్లు ఆపలేదు. దాంతో వాళ్ల మీద దుమ్మెత్తిపోసినవాళ్లు చాలామందే. దేశం రక్తం కారుస్తుంటే వీళ్లు బంతాట ఆడుకుంటున్నారని. విచిత్రం ఏంటంటే, ఆ లీగ్‌కి సెక్రటరీగా పనిచేసిన టెడ్ లార్కిన్, అప్పటికి శాసనసభ్యుడు కూడా, సార్జెంటుగా వెళ్లి 1915 ఏప్రిల్ 25న, టర్కీలోని గల్లిపోలీ ఒడ్డున దిగిన మొదటిరోజే చనిపోయాడు. ఆయన పేరు చెప్పి ఎవరినీ నోరు మూయించలేం, అలాగని ఆ పేరు చెప్పకుండా లీగ్ వాళ్లని పిరికివాళ్లని తిట్టనూలేం.

ఇక రెండో యుద్ధం. ఈసారి యుద్ధం ఎక్కడో టర్కీలో లేదు, గుమ్మంలోకి వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, నాలుగు రోజులకి ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ మీద బాంబులు పడ్డాయి. మనవైపు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మా అమ్మమ్మకి కాకినాడే, ఆవిడ ఎవరి వయసైనా లెక్క కట్టాలంటే 'బాంబులు పడ్డ ఏడాది వాడు చంకలో పిల్లాడు' అనేది, అంతకంటే వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. అక్కణ్ణుంచి రెండు నెలలు కూడా తిరగకుండానే, మే 31 రాత్రి, జపాన్‌వాళ్ల మూడు బుల్లి జలాంతర్గాములు సిడ్నీ హార్బర్‌లోకి దూరాయి. వాటి గురి ఒక అమెరికన్ యుద్ధనౌక మీద. టార్పెడో గురి తప్పి కుటబుల్ అనే పడవ కింద పేలింది, లోపల నిద్రపోతున్న 21 మంది నావికులు చనిపోయారు.

కుటబుల్ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మన కథలో రెండో జట్టు, నార్త్ సిడ్నీ, ఆ పడవ వెళ్లే ఒడ్డుదే. అది పుట్టుకతో యుద్ధనౌక కాదు, ఫెర్రీ, మన గోదావరి మీద జనాన్ని దాటించే లాంచీల్లాంటిదే, కాకపోతే బాగా పెద్దది. సిడ్నీ నుంచి అవతలి ఒడ్డున ఉన్న నార్త్ సిడ్నీ వైపుకి జనాన్ని దాటించేది. 1932లో హార్బర్ బ్రిడ్జి కట్టాక దానికి పని పోయింది, యుద్ధం వచ్చాక నేవీ దాన్ని తీసుకుని నావికులు పడుకునే చోటుగా వాడుకుంది. నార్త్ సిడ్నీలో పాతికేళ్లు దాటిన ప్రతివాడూ ఆఫీసుకో ఫ్యాక్టరీకో వెళుతూ ఎప్పుడో ఒకప్పుడు దాని బల్లల మీద కూర్చున్నవాడే అయ్యుంటాడు.

అలాంటి ఊళ్లో 1943 సీజన్ మొదలైంది. టీ రేషన్, పంచదార రేషన్, జూన్ నుంచి వెన్న కూడా రేషన్, మనిషికి వారానికి అరపౌను. బట్టలకి కూపన్లు, పెట్రోలుకి కూపన్లు. సాయంత్రమైతే వీధిదీపాలు సగం వెలుగే. జట్లు ఎనిమిది, ఒక్కొక్కటీ మిగిలిన ఏడింటితో రెండేసిసార్లు ఆడాలి. విదేశీ జట్లు వచ్చేది లేదు, మనం వెళ్లేది లేదు, కాబట్టి శనివారం మధ్యాహ్నం ట్రామ్ ఎక్కి వెళ్లడానికి పేట మ్యాచే దిక్కు.

ఈ సీజన్ ఎంత తలకిందులుగా నడిచిందో ఒక్క ముక్క చాలు. అంతకుముందు ఏడాది ఫైనల్లో సెయింట్ జార్జ్ మీద 11–9తో గెలిచిన క్యాంటర్‌బరీ జట్టు ఈ ఏడాది అట్టడుగున తేలింది. యుద్ధంలో జట్టు అంటే ఇసుకగూడు. ఒకడు సైన్యంలోకి పోతాడు, ఒకడికి సెలవు దొరుకుతుంది, ఒకణ్ణి వేరే ఊరికి బదిలీ చేస్తారు. ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారన్నది ఎవరు ఎంత బాగా ఆడతారన్నంత ముఖ్యం అయిపోయింది. పోలీసులు, రేవు పనివాళ్లు, ఫిట్టర్లు, ఇలాంటివాళ్లని ఊళ్లోనే ఉంచేవాళ్లు, పనికి వాళ్లు కావాలి కాబట్టి. చెప్పాను కదా, ఇది మొదట్నించీ పనివాళ్ల ఆట అని. 1895లో పని మానేస్తే పోయే కూలి కోసం తెగతెంపులు చేసుకున్న ఆట, 1943లో ఆ పని పుణ్యమా అని బతికింది.

న్యూటౌన్ కెప్టెన్ ఫ్రాంక్ ఫారెల్ కూడా పోలీసే. ముద్దుపేరు బంపర్. బంపర్ అంటే కారు బంపర్ అనుకునేరు, అక్కడి యాసలో బంపర్ అంటే సిగరెట్ పీక. చిన్నప్పుడు పీకలు కాల్చే అలవాటుండేదట, ఆ పేరు జీవితాంతం అతుక్కుంది, మన ఊళ్లలో పెట్టే పేర్లలాగే. ఒడ్డూ పొడుగూ ఉన్న ముందువరస ఆటగాడు, ముక్కు మీద కోపం, మైదానంలో ఆయనకి ఎదురొచ్చేవాడికి బీమా ఉండాలి. ఆయనతో పాటు హెర్బ్ నార్వో, వైమానిక దళంలో ఉంటూ ఆడినవాడు, ఆ తర్వాత ఆస్ట్రేలియా హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ కూడా అయ్యాడు. పోలీసొకడు, బాక్సరొకడు. ఇలాంటి ఇద్దరు మీదికొస్తుంటే బంతి వదిలేసి పారిపోయినా నేనైతే తప్పు పట్టను.

అవతల నార్త్ సిడ్నీ. కెప్టెన్ ఫ్రాంక్ హైడ్, కోచ్ కూడా ఆయనే. హైడ్ ఒకప్పుడు న్యూటౌన్‌లోనే ఆడినవాడు, పాత ఇంటి మీదికే ఇప్పుడు దండెత్తాడు. ఈయన పేరు గుర్తుంచుకోండి.

ఫైనల్ సెప్టెంబరులో, సిడ్నీ క్రికెట్ గ్రౌండులో. ఎంతమంది వచ్చారో తెలుసా? 60,922 మంది. అప్పటిదాకా సిడ్నీలో ఏ క్లబ్ మ్యాచ్‌కీ అంతమంది రాలేదు. పెట్రోలు లేని ఊళ్లో, కొడుకులూ అన్నదమ్ములూ సముద్రం అవతల ఉన్న ఊళ్లో. ఎందుకొచ్చారు అంటే పెద్దపెద్ద కారణాలు చెప్పేవాళ్లున్నారు, దేశం ధైర్యం నిలబెట్టడానికి అనీ, అదనీ ఇదనీ. నాకు అంత పెద్ద మాటలు అక్కర్లేదనిపిస్తుంది. వారమంతా ఓవర్‌టైం చేసి జేబులో డబ్బులున్నాయి, ఖర్చు పెడదామంటే అంగట్లో ఏదీ కూపన్ లేకుండా రాదు, ఇంట్లో కూర్చుంటే పోస్టుమ్యాన్ ఎప్పుడు టెలిగ్రామ్ తెస్తాడోనని టెన్షన్. ఓ ఎనభై నిమిషాలు ఇంకో సంగతి గురించి అరవొచ్చు. అందుకు వచ్చారు.

సరే, మ్యాచ్ మాత్రం మ్యాచే కాదు. 34–7. న్యూటౌన్ ఉతికి ఆరేసింది, నీలిమందు కూడా పెట్టింది. అప్పట్లో గీత దాటిస్తే మూడు పాయింట్లే, బంతిని కర్రల మధ్యనించి తన్నే గోల్‌కి రెండు, అలాంటి రోజుల్లో ఫైనల్లో 34 అంటే మాటలు కాదు. రాసిపెట్టుకోడానికి అంకె తప్ప ఉత్కంఠ ఏమీ లేదు, కాబట్టి దాన్నిక్కడితో వదిలేద్దాం.

వదల్లేని సంగతి ఇంకోటుంది. ఆ సెప్టెంబరు 4నే ఆస్ట్రేలియా తొమ్మిదో డివిజన్ న్యూగినీలో లే అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున దిగింది. ముందుగా దిగినవాళ్లలో సిడ్నీ ఉన్న న్యూసౌత్ వేల్స్ రాష్ట్రంలో కట్టిన పటాలాలున్నాయి. ఇరవై ఏళ్ల వాళ్లు, న్యూటౌన్ వాళ్లూ నార్త్ సిడ్నీ వాళ్లూ వాళ్లలో ఉండే ఉంటారు. మైదానంలో దిట్టంగా ఉన్న ఇరవై ఆరుగురు ఒకరినొకరు కిందపడేసుకుంటుంటే, కొడుకుని అక్కడికి పంపిన తల్లి ఎవరైనా పళ్లు కొరికి ఉంటే ఆవిడని నేను తప్పు పట్టలేను. ఫారెల్‌నీ తప్పు పట్టలేను, పోలీసు పని కూడా ఎవరో ఒకరు చేయాలి. ఈ లెక్క తేలదు. ఆ ఊరు కూడా తేల్చుకోలేదు, శనివారం శనివారం టికెట్ మాత్రం కొనుక్కుంది.

తర్వాత ఎవరేమయ్యారో చెప్పి ముగిస్తాను.

బంపర్ ఫారెల్ రెండేళ్లకి పెద్ద గొడవలో ఇరుక్కున్నాడు. 1945లో సెయింట్ జార్జ్ ఆటగాడు బిల్ మెక్రిచీ చెవి తెగింది, ఫారెలే కొరికాడని ఆరోపణ. మెక్రిచీ ఆసుపత్రి పాలయ్యాడు, చెవి బాగుచేయడానికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. లీగ్ విచారణ పెట్టింది, చివరికి ఫారెల్‌ని నిర్దోషి అంది. కట్టుడు పళ్లు డ్రెస్సింగ్ రూములో పెట్టొచ్చాను, ఏంతో కొరకమంటారు అన్నాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మెక్రిచీకి నవ్వొచ్చి ఉండదు.

ఫ్రాంక్ హైడ్, 34–7తో ఓడిన కెప్టెన్, రేడియోలోకి వచ్చాడు. మాలాంటివాళ్లకి ఆయన పెద్దన్న. 2ఎస్ఎమ్ అనే స్టేషన్‌లో దశాబ్దాల పాటు ఆట చెప్పాడు. అద్దాల గదిలో కూర్చుని కాదు, మైదానం గీత పక్కనే పేకాట బల్ల ఒకటి వేసుకుని, దాని ముందు కుర్చీలో కూర్చుని, ఆటగాళ్ల బురద మీద పడే దూరంలోంచి. గోల్ కొడితే ఆయన చెప్పే మాట ఊరంతటికీ కంఠతా వచ్చు. 'దూరం సరిపోయింది, ఎత్తు సరిపోయింది, సూటిగా కర్రల మధ్యనించే పోయింది' అని. టీవీలు వచ్చాక కూడా బొమ్మ చూస్తూ సౌండు తగ్గించేసి, పక్కన రేడియోలో హైడ్‌ని పెట్టుకున్న ఇళ్లు ఉండేవట. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం అసూయగానే ఉంది.

ఇక ఆ రెండు జట్లు. ఆ రోజు 60,922 మంది చూసిన రెండు జట్లలో ఒక్కటి కూడా మళ్లీ ఆ కప్పు గెలవలేదు. నార్త్ సిడ్నీ ఇంకో ఫైనల్ మొహం చూడకుండానే 1999 తర్వాత పెద్ద లీగ్ నుంచి తప్పుకుంది. న్యూటౌన్ 1981లో ఫైనల్ దాకా వెళ్లి, సిడ్నీలోనే పడమటివైపు ఉన్న పారమట్టా పేట జట్టు చేతిలో 20–11తో ఓడింది, 1983తో పెద్ద లీగ్‌లో దాని కథ ముగిసింది. ఆ పారమట్టా చుట్టుపక్కల ఇప్పుడు మనవాళ్లు బోలెడంతమంది, మీ పిల్లలెవరైనా అక్కడుంటే ఫోన్ చేసినప్పుడు అడగండి, పసుపూ నీలం జెర్సీలు రోజూ చూస్తూనే ఉంటారు.

న్యూటౌన్ చచ్చిపోలేదు, కింది స్థాయి పోటీల్లో ఆడుతోంది, నార్త్ సిడ్నీ కూడా అక్కడే. పాతకాలం ఇటుకబట్టీ గుంట పూడ్చి కట్టిన హెన్సన్ పార్కు న్యూటౌన్ మైదానం. కుక్కల్ని వెంటేసుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చి గడ్డి గట్టు మీద కూర్చుంటారు జనం. మ్యాచ్ మధ్యలో మైకులో ఆ రోజు ఎంతమంది వచ్చారో ప్రకటిస్తారు. వాన కురిసి వెయ్యిమంది వచ్చినా, ఎండ కాసి గట్టంతా నిండినా, ఏ వారమైనా ఆ అంకె ఒక్కటే. ఎనిమిది వేల తొమ్మిది వందల డెబ్బై రెండు. జనం చప్పట్లు కొడతారు.

సెలవు, నమస్కారం.