సీఆర్‌పీ చూశారు సరే, బీపీ చూశారా?

అందరికీ నమస్కారం. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, కాన్పుకు దగ్గర పడ్డవాళ్లూ వచ్చారు కాబట్టి మామూలుగానే మాట్లాడతాను.

ఆ మధ్య ఎనిమిదో నెల నడుస్తున్న కూతుర్ని వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చింది. చేతిలో ల్యాబ్ రిపోర్టు. సీఆర్‌పీ, అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్, ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎక్కువుందంట డాక్టరమ్మా, ఏమైనా ఇన్‌ఫెక్షనా?" అని ఒకటే టెన్షన్. నా చూపు మాత్రం ఆ పిల్ల చేతుల మీదికి పోయింది. గాజులు బిగుసుకుపోయి మణికట్టు మీద గీతలు పడ్డాయి. బీపీ చూస్తే 150/100. రక్తపరీక్షలన్నీ చేయించారు గానీ నెల రోజులుగా బీపీ మాత్రం ఎవరూ చూడలేదు!

ఇలాంటప్పుడు అనుమానించాల్సింది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వేరే అవయవాలనూ దెబ్బతీసే జబ్బు. అసలు గొడవంతా మాయ (ప్లాసెంటా) దగ్గర మొదలవుతుంది. తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి సన్నటి మెలికల రక్తనాళాలను వెడల్పు చేయాలి. తల్లి రోగనిరోధక కణాలు కూడా అందులో ఓ చెయ్యి వేస్తాయి. వాటిలో కొన్నింటి పేరు నాచురల్ కిల్లర్ కణాలు, కానీ ఇక్కడ వాటి పని చంపడం కాదు, దారి చేయడం. ఈ పని సగంలో ఆగిపోతే మాయకు రక్తం చాలదు, అది తల్లి రక్తంలోకి వదిలే పదార్థాల వల్ల ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు రక్తంలో పెరుగుతాయి. అందుకే ఇది ఒట్టి బీపీ జబ్బు కాదు. కిడ్నీ, కాలేయం, మెదడు అన్నీ అందులోకి వస్తాయి, ముదిరితే ఫిట్స్. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దాన్నే.

మరి ఆ సంకేతాలు కొలిస్తే సరిపోదా అంటే, సరిపోదు. మామూలు గర్భంలోనే తెల్లకణాలు, సీఆర్‌పీ కొంత పెరుగుతాయి. ఆ అంకె ఒక్కటీ చూసి ప్రీఎక్లాంప్సియా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అనుమానం ఉన్నవాళ్లకు పనికొచ్చే రక్తపరీక్ష వేరే ఉంది, మాయ నుంచి రక్తంలోకి వచ్చే రెండు ప్రొటీన్లు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తి. అది 38 లేదా అంతకన్నా తక్కువ వస్తే వచ్చే వారంలో జబ్బు బయటపడే అవకాశం చాలా తక్కువని 2016లో తేలింది. అయితే అది అన్ని ఊళ్లలో దొరకదు, బీపీ మెషిన్ దొరుకుతుంది.

ఇంకోటి, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే రకం ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఎవరికి వాళ్లు కొనుక్కుని వేసుకోకండి, మూడో నెలలోనే డాక్టరును అడగండి. ఎనిమిదో నెలలో వచ్చి అడిగితే ఆ మాత్రతో లాభం ఉండదు.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, వీటిలో ఏది ఉన్నా గ్యాస్ అనుకుని ఆగకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఆ అమ్మాయికి 37 వారాలకు కాన్పయింది, బిడ్డ బాగుంది. అమ్మయ్య అనుకుంటుండగానే నాలుగో రోజు బీపీ మళ్లీ 160 దాటింది. కాన్పయిపోయిందని మెషిన్ తీసి పక్కన పెట్టేయకండమ్మా, ఇంటికెళ్లాక కూడా వారం పది రోజులు చూపిస్తూనే ఉండండి.