శ్రీకాకుళంలో రెండు రోజులు: శాకాహారులు ఏ వేళకి, ఏం అడిగి తినాలి

నమస్కారమండీ. శ్రీకాకుళంలో ఏ హోటల్లో అడిగినా "వెజ్ ఉందండీ" అనే అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ ఒక్క ప్రశ్న సరిపోదు. అరసవల్లి, శ్రీకూర్మం చూసుకోడానికి శని, ఆదివారాలు ఇక్కడికొచ్చే శాకాహారులు ఏం అడగాలో, ఏ వేళకి తినాలో ఈ వీడియోలో చెప్పుకుందాం.

ముందు ఆ ప్రశ్న సంగతి. ఇది సముద్రం పక్క జిల్లా. వంకాయలో, ఆనపకాయలో, గోంగూరలో గుప్పెడు ఎండు రొయ్యలు వేసి వండడం ఇక్కడ మామూలే. పైకి చూస్తే అది ఉత్త కూరలాగే ఉంటుంది, వాసన పోపులో కలిసిపోతుంది. కాబట్టి చిన్న మెస్సులో కూర్చునే ముందే "బాబూ, ఈ కూరలో నీసు తగిలిందా? ఎండు రొయ్యలేమైనా ఏసారా?" అని పేరు పెట్టి అడగండి. గుడ్డు గురించి విడిగా అడగాలి, దాన్ని నీసు కింద లెక్కెయ్యని వాళ్ళూ ఉంటారు. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళు చారు సంగతి మర్చిపోవద్దు. పప్పులో లేకపోయినా చారు పోపులో వెల్లుల్లి పడే ఉంటుంది.

[తెరపై: టిఫిన్ బండి, పెనం దగ్గరగా]

ఇక పొద్దున్న. టిఫిన్‌కి మంచి వేళ 7 నుంచి 9 లోపు. ఇడ్లీ అడిగేటప్పుడు "ఇప్పుడు దింపిన వాయి పెట్టండి" అనండి. గిన్నెలో మూతపెట్టి ఉంచిన ఇడ్లీకి ఆవిరి నీరు పట్టి అడుగు జిగురుగా అయిపోతుంది. కొబ్బరి చట్నీ తొందరగా పులుస్తుంది, ఆలస్యంగా వెళ్తే అల్లం చట్నీతోనే సరిపెట్టుకోండి. బండి మీద గుడ్ల ట్రే కనిపిస్తే ఆమ్లెట్టుకీ దోశకీ పెనం ఒకటే అని అర్థం. అలాంటి చోట ఇడ్లీ తినడం నయం. ఎండాకాలంలో వస్తే చోడంబలి తప్పకుండా తాగండి. రాగుల్ని ఇక్కడ చోళ్ళంటారు. పిండిని ముందురోజు కాచి, పులియబెట్టి, పొద్దున్న మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయతో ఇస్తారు. ఎండెక్కేకొద్దీ పులుపు ముదురుతుంది, అందుకని పదిలోపే తాగాలి. మజ్జిగ పల్చన చెయ్యడానికి ఏ నీళ్ళు పోస్తున్నారో ఓసారి చూసుకోండి.

అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంది. సూర్యుడి గుడి కాబట్టి ఆదివారం జనం ఎక్కువ. క్యూలో ఎంతసేపు పడుతుందో చెప్పలేం, అందుకే వీలైతే ఆ దర్శనం శనివారం పెట్టుకుని, ఆదివారం శ్రీకూర్మం వెళ్ళండి. లేదంటే మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది. ఇక్కడ మీల్స్ 12 నుంచి రెండున్నర దాకానే బాగుంటాయి. ఆ తర్వాత కూరలు అడుగంటుతాయి, సాంబారులో నీళ్ళు పెరుగుతాయి.

[తెరపై: అరిటాకు, పనసపొట్టు కూర]

ఈ ప్రాంతపు శాకాహారానికి ప్రాణం ఆవ పెట్టిన కూర. పనసపొట్టు, అరటికాయ, కంద బచ్చలి, వీటిల్లో ఏది దొరికినా వదలొద్దు. బోర్డు మీద మాత్రం రాయరు. లోపలికి వెళ్ళి "ఇవాళ ఆవ పెట్టిన కూరేటండీ?" అని అడగాలి. లేత పనసకాయ దొరికే మాఘ ఫాల్గుణాల్లో పొట్టు కూర చేస్తారు, మిగతా కాలంలో అరటికాయో కందో ఉంటుంది. కూర బాగా కుదిరిందో లేదో ముక్కే చెప్పేస్తుంది. ఆవాల్ని నీళ్ళు చిలకరించి నూరితేనే ఘాటు పుడుతుంది. ఆ ముద్దని పొయ్యి కట్టేశాక, కూర కాస్త చల్లారాక కలపాలి. ఉడుకుతుండగా వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. మొదటి ముద్దకే చేదు తగిలితే మొహమాటం వద్దు, పప్పుకి వెళ్ళిపోండి. బాగుంటే మాత్రం వేడన్నంలో ముందు దీన్నే కలుపుకోండి. పప్పూ సాంబారూ తిన్నాక ఆ ఘాటు నాలుకకి అందదు.

మూడు నుంచి ఐదు దాకా పొయ్యిలు ఆరిపోయి ఉంటాయి. ఆ వేళకి అరటిపళ్ళు దగ్గరుంచుకోండి.

సాయంత్రం బజ్జీల బండి దగ్గర చూడాల్సింది మూకుడు. పక్కనే చికెన్ పకోడీ కూడా అమ్ముతుంటే నూనె ఒకటేనేమో అడగండి. మసాలా ముంతతో ఆ బెడద లేదు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం మన ఎదురుగానే కలిపిస్తారు. చేతిలోకి రాగానే తినెయ్యాలి, ఐదు నిమిషాలాగితే మరమరాలు మెత్తబడిపోతాయి. రాత్రికి ఫ్రైడ్ రైస్, నూడుల్స్ జోలికి పోవద్దు. గుడ్డు వేయించిన బాణలినే తుడిచి మనకీ చేస్తారు. చపాతీ, కుర్మా చాలు.

ఇంటికి పట్టుకెళ్ళాల్సింది పలాస జీడిపప్పు. ప్యాకెట్ మీద 240, 320 అని అంకెలుంటాయి. ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, దాదాపు అన్ని గింజలు తూగుతాయని లెక్క. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర కూడా ఎక్కువ. కూరకీ పాయసానికీ బద్దలు చాలు, గుండు పప్పుకి డబ్బు పొయ్యక్కర్లేదు. ఒకటి విరిచి చూడండి, టక్కున విరగాలి. మక్కిన వాసన వస్తే పాత సరుకని తెలుసుకోండి.

[తెరపై: పులిహోర పొట్లం]

రైలెక్కడానికి ముందు ఒక్క మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది, దగ్గరదగ్గర 13 కిలోమీటర్లు. అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అనుకోకుండా పార్సిల్ ఊళ్ళోనే కట్టించుకోండి. పులిహోర గానీ, ఇడ్లీ మీద నూనె, కారప్పొడి వేసి గానీ తీసుకోండి. చట్నీ, సాంబారు వద్దని ముందే చెప్పండి, వేడి మీద కట్టిన సంచిలో అవే ముందు పాడవుతాయి.