గుట్ట మీద కందకానికి మట్టం గీత: ఏ-ఫ్రేమ్ వాడే పద్ధతి

నమస్కారమండీ. అనంతపురం జిల్లాలో ఒక చెరువు ఎగువనున్న గుట్ట మీద ఉన్నాం. 2012లో హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయర్‌కు చేరాయి కదా, అప్పటినుంచీ ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట: మా చెరువుకు కాలువ నీళ్లెప్పుడు? అడగాల్సిందే. కానీ గుట్ట ఇలా బోడిగా ఉంటే గట్టి వాన పడినప్పుడల్లా మట్టంతా చెరువులోకి దిగుతుంది. పూడిన చెరువులో ఏ నీళ్లయినా ఎన్నాళ్లు నిలుస్తాయి? అందుకే పని పైనుంచి మొదలుపెట్టాలి. గుట్ట వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో కందకం తవ్వితే వాన నీళ్లూ మట్టీ అక్కడే ఆగుతాయి. ఆ మట్టం గీత ఎలా గీయాలో చూద్దాం.

ఇదిగో ఏ-ఫ్రేమ్. పైకొనలు కలిపి కట్టిన ఆరడుగుల కర్రలు రెండు, మధ్యలో ఒక అడ్డకర్ర, పైనుంచి దారానికి వేలాడే రాయి. ఖర్చేమీ లేదు. ముందు దీని మట్టం సరిచూసుకోవాలి. కాళ్లు ఆనిన రెండు చోట్లా గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన దగ్గర గీత గీయండి. ఇప్పుడు ఫ్రేమును తిప్పి, ఈ కాలు అక్కడ, ఆ కాలు ఇక్కడ పెట్టి, ఇంకో గీత. రెండు గీతలకూ సరిగ్గా నడిమధ్య గీసేదే మన మట్టం గుర్తు. గాలి వీస్తుంటే దారం ఊగుతుంది, బరువైన రాయి కట్టండి.

ఒక కాలు కదలకుండా ఉంచి, దారం ఆ గుర్తు మీదికొచ్చేదాకా రెండోదాన్ని పైకీ కిందికీ జరపండి. అక్కడొక రాయి పెట్టి ముందుకు పోండి. రాళ్ల వరుస వంకర్లు తిరుగుతుంది, తిరగనివ్వండి. గుట్ట ఎటు తిరిగితే గీత అటే. కొన్నిచోట్ల వాలు వెంబడి నిలువుగా తవ్వేసి కందకమంటున్నారు. అది నీళ్లకు దారి చూపించడమే!

తవ్విన మట్టి దిగువ వైపు వేయండి. దాని మీద సీతాఫలం, కానుగ నాటండి, మేకలు పెద్దగా ముట్టవు.

ఇక కట్టెల సంగతి. గ్యాసున్నా స్నానాల నీళ్లకు బయట పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కంది కోశాక కట్టెను చేలో తగలబెట్టకుండా ఇంటికి తెచ్చుకుంటే గుట్ట మీద అంత భారం తగ్గుతుంది. గుట్ట మీది తుమ్మకంపను మోకాలెత్తులో కొట్టుకోండి, మళ్లీ చిగురిస్తుంది. చెరువులో మొలిచినదాన్ని మాత్రం వేళ్లతో పెరకాల్సిందే.

ఒక్క జాగ్రత్త. గుట్ట రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీశాఖ అనుమతి లేకుండా గడ్డపార దించకండి. ఊరి భూమైతే గొర్రెలు, మేకలవాళ్లను ముందే కూర్చోబెట్టి, ఏ వైపు మూసేదీ, ఏ దారి వదిలేదీ తేల్చుకుని గీత మొదలుపెట్టండి.