ఇంచార్జి కుర్చీలో డాక్టరమ్మ
(వైద్య విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

డాక్టర్లు రాజకీయాల్లోకి రావడం మనకు కొత్తేం కాదు. చెన్నారెడ్డి గారు, రాజశేఖరరెడ్డి గారు ఎంబీబీఎస్ చదివినవాళ్లే. ఈ రోజు మాత్రం తమిళిసై సౌందరరాజన్ గారు 'తాత్కాలికంగా' చేసిన ఒక ఉద్యోగం గురించి చెబుతాను.

ఆవిడ మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి గైనకాలజిస్టు అయ్యారు. తండ్రి కుమరి అనంతన్ కాంగ్రెస్ నాయకుడు. కూతురేమో తమిళనాడు బీజేపీకి అధ్యక్షురాలయ్యారు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాటలెలా సాగేవో మరి! 2019 సెప్టెంబరులో తెలంగాణకు గవర్నర్‌గా వచ్చారు.

2021 ఫిబ్రవరిలో పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ పదవి నుంచి కిరణ్ బేడీని తప్పించి, ఆ బాధ్యతలు అదనంగా ఈవిడకు అప్పగించారు. మామూలుగా ఇంచార్జి అంటే ఏం చేస్తారు? అసలు మనిషి వచ్చేదాకా ఫైళ్లు పక్కన పెట్టి రోజులు నెట్టుకొస్తారు. ఇక్కడ అలా కుదరలేదు. ఎమ్మెల్యేల వరుస రాజీనామాలతో నారాయణస్వామి ప్రభుత్వం అప్పటికే ఊగిపోతోంది. 18న ప్రమాణం చేసిన ఆవిడ, అదే రోజు బలపరీక్షకు ఆదేశించారు. 22న ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత రాష్ట్రపతి పాలన. అంటే మే నెలలో రంగస్వామి ముఖ్యమంత్రి అయ్యేదాకా అక్కడి పాలనంతా ఈ ఇంచార్జి చేతిలోనే.

మెజారిటీ సంగతి తేలాల్సింది సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బలపరీక్ష పెట్టమనడాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా ఆ 'తాత్కాలికం' మూడేళ్లు సాగడం మీదే. హైదరాబాద్‌లో ఒక కాలు, పుదుచ్చేరిలో ఒక కాలు. ఎంత ఓపికున్న మనిషికైనా రెండు చోట్లా న్యాయం చేయడం కష్టమే.

డాక్టరు బుద్ధి మాత్రం ఆవిడ్ని వదల్లేదు. 2022 జులైలో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో ఒక ఐపీఎస్ అధికారికి ఒంట్లో బాగాలేకపోతే, డాక్టర్లెవరైనా ఉన్నారా అని సిబ్బంది అడిగారు. లేచి వెళ్లింది గవర్నరే. ఆయన్ని ముందుకు వంచి కూర్చోబెట్టి, శ్వాస కుదుటపడేలా చూశారు. ఆ పనికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, ఏ అదనపు బాధ్యతా కాదు.

2024 మార్చిలో రెండు పదవులకూ రాజీనామా చేసి ఎన్నికల్లో నిలబడ్డారు, ఓడిపోయారు. ఖాళీ అయిన ఆ రెండు కుర్చీలకూ ఎవరొచ్చారనుకున్నారు? అప్పటికే జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్న సి.పి. రాధాకృష్ణన్ గారు. అదీ అదనపు బాధ్యతగానే!