ట్రౌట్ కోసం నల్ల చీమ ఫ్లై: కట్టే పద్ధతి, వేసే పద్ధతి

నమస్తే అండీ. ఈరోజు చీమ కడదాం, అంటే ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం హుక్ మీద దారం, ఈక చుట్టి చేసే పురుగు బొమ్మ, దాన్నే ఫ్లై అంటారు. 16 నంబర్ హుక్ మీద నల్ల చీమ. ట్రౌట్ ఫ్లైలు కట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎవరడిగినా నేను ముందు ఇదే చెప్తాను. సామాను తక్కువ, పని తక్కువ, పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏ రోజు తీసినా పనికొస్తుంది.

నేనుండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ వైపు. ఈ చుట్టుపక్కల మనవాళ్ళు కొందరు గాలం పట్టుకుని బయల్దేరుతున్నారు కాబట్టి తెలుగులో చెప్తున్నా. ఇక్కడికి దగ్గర్లో కార్లైల్ అనే ఊళ్ళో లెటార్ట్ అని చిన్న ఏరుంది. సున్నపురాయి నేలలోంచి ఊరే నీళ్ళు, నడివేసవిలో కూడా చల్లగా ఉంటాయి, ఒడ్డు పొడుగునా గడ్డి. 1940లు, 50లలో విన్స్ మారినారో, చార్లీ ఫాక్స్ అనే ఇద్దరు ఆ ఒడ్డున గంటలు గంటలు గమనించి, ట్రౌట్‌కి నీళ్ళలో పుట్టే పురుగులే కాదు, గట్టు మీంచి జారిపడే చీమలూ మిడతలూ పెంకుపురుగులూ కూడా భోజనమేనని చూపించారు. మేఫ్లై అనే నీటి పురుగుకి ఒక సీజన్ ఉంటుంది, ఒక వేళ ఉంటుంది, దాని కోసం సాయంత్రం దాకా కాచుక్కూర్చోవాలి. చీమకి అదేం లేదు, గాలేస్తే పడుతుంది, కాలు జారితే పడుతుంది, మధ్యాహ్నం రెండింటికి ఎండ దంచేస్తున్నప్పుడు కూడా పడుతుంది.

సరే, హుక్‌ని బిగించి పట్టుకునే వైస్ దగ్గరికి రండి. మామూలు డ్రై ఫ్లై (నీళ్ళ మీద తేలే ఫ్లై) హుక్, 16. మొన వెనక ఉండే చిన్న ముల్లుని ముందే ప్లయర్స్‌తో నొక్కేయండి, చేపని వదిలేటప్పుడు తేలిగ్గా ఊడొస్తుంది. నల్ల దారం, 8/0 అనే సన్న రకం. హుక్ కంటి (లైన్ కట్టే రంధ్రం) వెనక మొదలుపెట్టి వంపు దాకా చుట్టేయండి, ఇదిగో ఇలా, అయిపోయింది. ఇప్పుడు నల్ల డబ్బింగ్, అంటే దారం మీద నులిమే మెత్తటి పోగులు, సింథటిక్‌ది తీసుకోండి, నీళ్ళు పీల్చదు. చిటికెడు కూడా అక్కర్లేదు. దారం మీద పెట్టి ఒకే వైపుకి నులమండి, అటూ ఇటూ నులిమితే ఊడిపోతుంది. చుట్టండి, చుట్టండి, మళ్ళీ వెనక్కి, గుండ్రంగా. వెనక పొట్ట వచ్చేసింది. హుక్ పొడుగులో సగానికి కాస్త ముందే ఆగాలి.

ఇక్కడ ఆగండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఇప్పుడు కట్టాల్సింది నడుము. చీమ అంటే నడుమే. ట్రౌట్ కింద నుంచి పైకి చూస్తుంది, దానికి రంగు పెద్దగా కనపడదు, వెలుతురుకి అడ్డంగా ఒక నల్ల ఆకారం కనిపిస్తుంది. వెనక పెద్ద ముద్ద, ముందు చిన్న ముద్ద, మధ్యలో సన్నటి సందు, ఆ సందులోంచి కాళ్ళు. ఆ సందు పూడిపోయిందా, అది ఇక చీమ కాదు, నల్లటి ఉండ.

పూడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పొట్ట కట్టాక దారం మీద రెండు మూడు పోగులు మిగిలి ఉంటాయి, వాటితోనే ముందుకొచ్చేస్తాం, అవి వచ్చి నడుములో కూర్చుంటాయి. కాబట్టి పొట్ట అయ్యాక దారాన్ని గోటితో ఒకసారి కిందికి దువ్వేయండి. ఇదిగో, చూశారా, పోగులన్నీ వచ్చేశాయి. ఇప్పుడు ఉత్త దారంతో నడుము దగ్గర రెండు చుట్లు, గట్టిగా. రెండో సంగతి, పొట్ట ముందు వైపు ఏటవాలుగా ఉండకూడదు, నిటారుగా దిగాలి. ఏటవాలుగా ఉంటే హ్యాకిల్ (కాళ్ళ కోసం చుట్టే ఈక) చుట్టేటప్పుడు ఈక దాని మీదకి ఎక్కుతుంది, లేకపోతే ముందుకి జారుతుంది. జారుతుంటే విప్పేసి మళ్ళీ చుట్టండి, అర నిమిషం పని. వైస్ వెనక ఒక తెల్ల కాగితం నిలబెట్టుకోండి, నేను ఎప్పుడూ పెట్టుకుంటాను, సందు కనిపిస్తోందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

హ్యాకిల్ నల్లది, పోగు పొడుగు హుక్ నోరంత ఉంటే చాలు. నడుము దగ్గర కట్టి మూడు చుట్లు. మూడే. షాపులో కొనే చీమలకి ఆరేడు చుట్లుంటాయి, చూడ్డానికి నిండుగా బాగుంటుంది, కానీ నీళ్ళ మీద ఎత్తుగా నిలబడిపోతుంది. నిజం చీమ నీళ్ళ పైన నిలబడదండీ, పైపొరలో ఇరుక్కుపోయి కొట్టుకుంటుంది. అందుకే కట్టడం అయ్యాక కింద వైపు ఈకపోగుల్ని కత్తెరతో సాపుగా కోసేస్తాం.

ముందు ముద్ద కూడా అదే పద్ధతి, పొట్టలో సగం. కంటికి చోటు వదలండి. విప్ ఫినిష్ అనే చివరి ముడి, జిగురు చుక్క, అంతే. ఆ ముడి వేసే విప్ ఫినిషర్ లేకపోతే రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ మూతి చాలు, దాని మీద దారం మెలితిప్పి కంటి మీదకి జార్చితే ముడి పడిపోతుంది, మూడు ముడులు వేసేయండి. టూల్స్‌లో డబ్బు పెట్టాలనుకుంటే మాత్రం ముందు మంచి బాబిన్ (దారం రీలు పట్టే పనిముట్టు) కొనండి, సిరామిక్ గొట్టం ఉన్నది. చవక బాబిన్ల అంచు దారాన్ని కోసేస్తుంది, సరిగ్గా చివరి ముడి దగ్గర.

ఇప్పుడు ఏటి దగ్గరికి. పెన్సిల్వేనియాలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు ట్రౌట్ పర్మిట్ విడిగా ఉండాలి, మర్చిపోకండి. ఏటి పక్కన బోర్డు కూడా చదవండి, కొన్నిచోట్ల పట్టిన చేపని వదిలేయాల్సిందే.

లైన్ చివర తొమ్మిదడుగుల లీడర్ అనే సన్న దారం, దాని చివర 6ఎక్స్ టిప్పెట్, అంటే ఫ్లై కట్టే ఇంకా సన్నటి ముక్క. దిగువ నుంచి వంగి రండి, చేప ముఖం ఎగువకి ఉంటుంది. ఏటి మధ్యలో వేయకండి. ఒడ్డుకి జానెడు దూరంలో, కొమ్మల నీడలో, గడ్డి వేలాడేచోట వేయండి. చిన్నగా టప్పుమని పడినా ఫర్వాలేదు, చీమ పడేదీ అలాగే. లైన్ ఫ్లైని లాగకూడదు, అది మాత్రం చూసుకోండి. ఫ్లై వెనక నీళ్ళ మీద గీత పడిందంటే ఆ చేప ఇక దాని వైపు చూడదు. లైన్ కొంచెం వదులుగా పడేలా వేయండి.

చీమ మీకు కనపడదు, అది పైపొరలో ఉంటుంది కదా. నడుము మీద నారింజ రంగు నూలు పోగు చిన్నది కట్టుకోవచ్చు. నాకైతే పెద్ద మిడత ఫ్లై వంపుకి మూరెడు టిప్పెట్ కట్టి దాని చివర చీమని వేయడం ఇష్టం. మిడత కదిలినా, దాని చుట్టుపక్కల నీళ్ళలో చిన్న సుడి కనిపించినా రాడ్ మెల్లగా ఎత్తండి, 6ఎక్స్ గట్టిగా గుంజితే తెగుతుంది.

ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో వాన వెలిసి ఉక్కగా ఉన్న మధ్యాహ్నం రెక్కల చీమలు లేస్తాయి. మన దగ్గర తొలకరికి ఉసిళ్ళు లేచినట్టే ఉంటుంది చూడ్డానికి, అవి చెదలు, ఇవి చీమలు. ఆరోజు ట్రౌట్ ఇంక దేన్నీ పట్టించుకోదు. దానికోసం 18, 20 సైజుల్లో నలుపూ ఎర్రగోధుమా కొన్ని కట్టిపెట్టుకోండి, నడుము దగ్గర తెల్ల పాలీ నూలు రెక్కలుగా వెనక్కి వాల్చి.

చేప పట్టాక ఫ్లైకి చేప ఒంటి జిగురు అంటుకుంటుంది. నీళ్ళలో కడిగి, చొక్కా అంచుతో అద్ది, ఫ్లైని తేల్చే పొడి ఫ్లోటెంట్‌లో ఆడించండి. అప్పటికీ మునిగిపోతుంటే మునగనివ్వండి, మునిగిన చీమని కూడా తింటాయి. అప్పుడు చూడాల్సింది లీడర్ నీళ్ళలోకి దిగేచోటు, అది టక్కున ఆగితే రాడ్ ఎత్తేయండి.