రివర్ నుంచి వెనక్కి లెక్క

మిత్రులందరికీ నమస్కారం.

పోకర్ కొత్తలో నేను ఏ పందేనికి ఆ పందెమే విడిగా కాసేవాణ్ణి. తర్వాతి ముక్క పడ్డాక చూసుకుందాంలే అనే ధీమా. ఈ ఆటలో ఎవరి చేతిలో వాళ్లకు రెండు ముక్కలుంటాయి; బల్ల మీద అందరికీ కలిపి మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివరగా ఇంకొకటి (రివర్) పడతాయి, ప్రతిసారీ ఒక విడత పందెం. ఒక ఆట చెబుతాను. పాట్‌లో 300, అంటే అప్పటికి కాసిన చిప్స్ కుప్పలో; నా దగ్గర 300, చేతిలో ఓ మోస్తరు జత. 200 కాశాను. ఎదుటి ఆయన నా చిప్స్ అన్నిటికీ సరిపోయేలా ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా కాస్తున్నా అన్నాడు. ఇప్పుడు పాట్ 800, నా దగ్గర మిగిలింది 100. తొమ్మిదిసార్లలో ఒక్కసారి గెలిచినా ఆ వందకు నష్టం లేదు. కాబట్టి ఓడిపోతున్నానని అనిపిస్తున్నా ముక్కలు పారేయలేను. అసలు 200 కాసినప్పుడే 300 కాసేశాను, నాకు తెలియలేదంతే. ఆయనకు తెలుసు, అందుకే నవ్వాడు.

అప్పటి నుంచి చిప్స్ ముట్టుకునే ముందే రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఆయన రైజ్ చేస్తే (పందెం పెంచితే) ఏం చేస్తాను? కాల్ చేస్తే (నేను కాసినంతే కాసి ఆటలో ఉంటే), టర్న్‌లో ఏ ముక్క పడితే మళ్లీ కాస్తాను?

మంచి ముక్కలు పడినప్పుడు లెక్క రివర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఫ్లాప్‌లో పాట్ 100, ఇద్దరి దగ్గరా 1300 చొప్పున ఉన్నాయనుకోండి. ప్రతిసారీ పాట్‌లో సగం కాస్తే 50, 100, 200. మూడు విడతలూ కలిపి 350. మీ చేతిలో ఎంత బలమున్నా ఎదుటివారి దగ్గర 950 భద్రంగా ఉండిపోతాయి. పాట్ అంత కాస్తూ పోతే 100, 300, 900. సరిగ్గా 1300. ఫ్లాప్‌లో 50 చిప్స్ తేడా, చివరికి 950 అయింది. మోస్తరు జతతో మాత్రం ఇలా పాట్ పెంచుకుంటూ పోకండి, నా కథ విన్నారు కదా.

ఇక టర్న్ దాకా నాలుగు ఇస్పేట్లు చేరి, ఐదోదాని కోసం ఎదురుచూసేవారి సంగతి (ఐదూ ఒకే గుర్తువైతే బలమైన చేయి). కనబడని 46 ముక్కల్లో ఇస్పేట్లు తొమ్మిదే. పాట్ 100 ఉన్నప్పుడు ఎదుటివారు 50 కాస్తే, ఆ కాల్ గిట్టుబాటు కావాలంటే నాలుగింట ఒకసారి గెలవాలి. తొమ్మిది ముక్కలతో అది కుదరదు. ఇస్పేటు పడినప్పుడు గెలుపు మనదేనని ఖాయంగా అనుకున్నా, రివర్‌లో సగటున మరో 56 దాకా రాబట్టుకోగలగాలి. మరి బల్ల మీద మూడో ఇస్పేటు కనబడగానే చాలామంది జాగ్రత్తపడతారు. ఎదుటి ఆయన ఇంతవరకు కాసిన తీరులో ఆ 56 కనబడకపోతే, నా రెండు ఇస్పేట్లనూ బోర్లించి పక్కకు జరిపేస్తాను.